డిస్టింక్షన్‌కి ఒక్క మార్కు తక్కువ

జూన్ 3, సోమవారం

దొరకి చెక్క బ్లాకులు కొన్నాను. కొన్ని పక్కలు ఎరుపు, కొన్ని తెలుపు, కొన్ని సగం సగం. వాటితో వచ్చిన పుస్తకంలో ఉన్న బొమ్మలాగే పేర్చాలి, ఐక్యూ పరీక్షలో ఇలాంటివే ఇస్తారట. బొమ్మల షాపతను "బాబుకి ఎన్నేళ్ళు మేడమ్?" అని అడిగాడు. ఆరు అన్నాను. ముప్ఫై ఆరులో ముప్ఫై మింగేశాను.

మా తమ్ముడికి దొర అని పేరు పెట్టింది అమ్మే. పేరు పెట్టి, వాడి కొలువు నాకు అప్పగించి, నిరుడు పోయింది. ఊరి చివర, ఇలా బుద్ధి ఎదగనివాళ్ళని ఉంచుకునే హోమ్‌లో ఒక సీటు ఖాళీగా ఉందని తెలిసి ఇవాళ ఫోన్ చేశాను. ఐక్యూ పరీక్ష పెట్టించి ఎంత వచ్చిందో కాయితం తెమ్మంది వార్డెన్, దాన్నిబట్టే సీటు అంది. మా ఇంట్లో చదవకుండా పరీక్షకి వెళ్ళినవాడు వీడొక్కడే. ఈసారి వీడూ చదువుతాడు. చదివిస్తాను.

వాడి మంచికే. అక్కడ తోట ఉంది, వాడిలాంటి వాళ్ళు ఉంటారు, వేళకి అన్నం పెడతారు. నేను పొద్దున షాపుకి వెళితే మళ్ళీ చీకటి పడ్డాకే కదా రావడం. అంతసేపూ గోడలతో మాట్లాడుకుంటూ కూర్చుంటున్నాడు.

లెన్సులాయన మాట కూడా ఉంది. మా కళ్ళద్దాల షాపు వెనక గదిలో లెన్సులు అరగదీస్తాడు. భార్య పోయి మూడేళ్ళు. "మీరొక్కరే అయితే నాకు రేపైనా సరే" అన్నాడు పోయిన వారం, అద్దం తుడుస్తూ, నా వైపు చూడకుండా. నాకు నలభై మూడు. "రేపైనా" అన్న ముక్క మటుకే విన్నాననుకుంటున్నాను.

జూన్ 9, ఆదివారం

కోచింగ్ మొదలు.

"కుర్చీకీ మంచానికీ ఏంట్రా పోలిక?"

"రెండూ మనకున్నాయి."

"అది కాదు. రెండూ సామాను. అలా చెప్పాలి."

"మరి అమ్మ కుర్చీ?"

"అదీ సామానే."

"అమ్మ ఊరుకోదు" అన్నాడు. తల ప్రాణం తోకకొచ్చింది. నేను చెప్పిన అంకెల్ని వెనక నుంచి ముందుకి చెప్పమన్నాను. మూడంకెల దాకా వచ్చాడు. నాలుగోది కలిపితే నవ్వేసి, అది రేపు చెప్తానన్నాడు.

జూన్ 16, ఆదివారం

నాలుగంకెలు వెనక నుంచి చెప్పేశాడు. షర్టు నలగకుండా కూర్చుని మరీ చదువుతున్నాడు. వాడి దొరతనం వాడిది.

షాపులో కళ్ళు చూసేది నేనే. నిన్న ఒక పెద్దాయన, నేను అట్ట మీద వేలు పెట్టకముందే అక్షరాల వరుస గడగడా చదివేశాడు. అట్ట తిప్పి పెడితే ఒక్కటీ చెప్పలేకపోయాడు. బయట బెంచీ మీద కూర్చుని బట్టీ పట్టినట్టున్నాడు. కనపడటం లేదంటే అద్దాలిస్తాం, కనపడుతోందంటే ఏమీ ఇవ్వం. ఆ సంగతి తెలిసీ ఓడిపోవడం ఇష్టం లేదు ఆయనకి. ఇలాంటివాళ్ళు వారానికి నలుగురొస్తారు, చదువుకున్నవాళ్ళే ఎక్కువ. నాకు నవ్వొస్తుంది గానీ నవ్వను. నవ్వితే ఫ్రేము కొనరు.

జూన్ 23, ఆదివారం

ఇవాళ జరిగింది రాయకపోయినా ఫరవాలేదు. అయినా రాస్తాను.

పుస్తకం చివర్లో ఒక బొమ్మ ఉంది, తొమ్మిది బ్లాకులది. వాడికి చూపించే ముందు నేను పేర్చి చూద్దామనుకున్నాను. ఒక మూల కుదిరితే ఇంకో మూల చెడుతోంది. వాడు పక్కన కూర్చుని చూశాడు. చాలాసేపు చూశాక ఒక వేలితో, ఒకే వేలితో, మధ్య బ్లాకుని పక్కకి తిప్పాడు. కుదిరిపోయింది.

"చూశావా అక్కా" అన్నాడు. గొప్పలు పోలేదు. నన్ను ఓదార్చాడు. నేను వాడికి ఎప్పుడూ అలాగే చెప్తుంటాను, అదే గొంతుతో.

పుస్తకం మూసేసి ఇక చాల్లెమ్మన్నాను. డిగ్రీ చదివినదాన్ని. ఆ వేలు నాకు నచ్చలేదు.

జూలై 4, గురువారం

పరీక్ష అయింది. వాడు లోపల, నేను బయట. పరీక్ష పెట్టే ఆవిడ చిన్నపిల్ల, మెత్తటి గొంతు. అయ్యాక నన్నొక్కదాన్నే పిలిచి, "ఇంట్లో ఇలాంటివి ఏమైనా ప్రాక్టీసు చేయించారా? చేయించుంటే చెప్పండి, పర్లేదు" అంది.

లేదన్నాను. కాపీ కొట్టాడంటారేమో, అసలు పరీక్షే కొట్టేస్తారేమోనని భయం. "అసలు అలాంటివి ఉంటాయనే మాకు తెలీదండీ" అని కూడా అన్నాను. అడగనిది కూడా చెప్పడం నా అలవాటు.

వాడు బయటికొచ్చి ఆవిడకి చెయ్యి ఊపాడు. దారంతా ఒకటే మాట. "అన్నీ చెప్పానక్కా. ఆవిడ బాగుందంది."

జూలై 8, సోమవారం

డెబ్బై నాలుగు.

వాడి కాళ్ళు నేల మీద ఆగడం లేదు. అరవై దాటితే ఫస్ట్ క్లాసనీ, డెబ్బై ఐదైతే డిస్టింక్షననీ నేను చదువుకునే రోజుల్లో అమ్మ అంటుంటే విన్నాడు. ఇన్నేళ్ళు దాచుకున్నాడు ఆ ముక్కని. పాలవాడికి, ఇస్త్రీ అతనికి, పైవాటా ఆవిడకి అందరికీ చెప్పొచ్చాడు. "ఒక్క మార్కులో డిస్టింక్షన్ పోయింది." పైవాటా ఆవిడ చాక్లెట్ ఇచ్చింది. సగం నాకు తెచ్చాడు.

నాకూ సంతోషంగానే ఉంది. ఇన్నాళ్ళ కోచింగ్ ఊరికే పోలేదు.

జూలై 9, మంగళవారం

వార్డెన్ కాయితం చూసి తిరిగి నా చేతిలో పెట్టింది.

"ఎక్కువొచ్చిందమ్మా. మాది డెబ్బై లోపు వాళ్ళకే."

"ఎక్కువొస్తే మంచిదే కదండీ?"

ఆవిడ నా మొహంలోకి చూసింది. ఆట పట్టిస్తున్నాననుకుందేమో. తర్వాత అర్థమైనట్టుంది, గొంతు తగ్గించింది. "ఇదేం కాలేజీ కాదమ్మా. తెలివి బాగా తక్కువగా ఉండి, తన పనులు మటుకు తను చేసుకునేవాళ్ళ కోసం పెట్టిన చోటు. పనుల విషయంలో మీవాడు భేషుగ్గా ఉన్నాడు. స్నానం, బట్టలు, టీ పెట్టడం అన్నీ వచ్చన్నారు కదా. ఆ నంబరొక్కటే అడ్డం."

కాయితం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

జూలై 10, బుధవారం

ఐదు మార్కులు ఎక్కువ తెచ్చుకున్నాడు వెధవ. కాదు, నేనే తెప్పించాను. ఏ ఇంట్లోనైనా ఇంత తెలివితక్కువ పని చేస్తారా.

జూలై 12, శుక్రవారం

షాపుకి సెలవు పెట్టి పరీక్షలావిడ దగ్గరికి వెళ్ళాను. ఇంకోసారి పెట్టండన్నాను. ఇదే పరీక్ష ఇప్పట్లో మళ్ళీ పెట్టకూడదట. కావాలంటే ఆగస్టు చివర్లో వేరే రకంది పెడతానంది.

"అసలు ఇది దేన్ని కొలుస్తుందండీ?" అని అడిగాను. కోపంతోనే అడిగాను.

"ఆ రోజు, ఆ గదిలో, ఆ ప్రశ్నలకి ఎలా చెప్పాడో అది. మాటలు, లెక్కలు, బొమ్మలు, ఎంత త్వరగా చేశాడు, అంతే. మనిషి ఎలాంటివాడో, ఇంట్లో ఎలా బతుకుతాడో దీన్లో ఉండదు."

"ఉండకపోతే సీటెందుకు ఆపుతారు?"

"అది నన్నడిగితే ఎలా అండీ" అంది. మళ్ళీ అడిగింది, ప్రాక్టీసు గురించి. మళ్ళీ లేదన్నాను. ఒకసారి లేదన్నాక ఉందని ఎలా చెప్తాను, అబద్ధాలకోరునని కాయితం మీద ఎక్కిస్తే?

జూలై 14, ఆదివారం

వాణ్ణి కూర్చోబెట్టి చెప్పాను, ఈసారి తప్పులు చెప్పమని. వచ్చినా రాలేదనమని.

"ఎందుకు?"

"అలా చెప్తే సీటిస్తారు."

"వచ్చింది రాలేదంటే అబద్ధం కదక్కా."

"చిన్న అబద్ధంరా."

"అప్పుడు మార్కులు తగ్గుతాయి కదా." నాకే ఏదో అర్థం కాలేదన్నట్టు నెమ్మదిగా చెప్పాడు. "ఈసారి డిస్టింక్షన్ తెస్తా. పైవాటా ఆవిడకి చెప్పా కూడా. తెస్తే నీ షాపులో ఉద్యోగం ఇస్తారా?"

చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. ససేమిరా అన్నాడు. బ్లాకులు ముందేసుకుని కూర్చున్నాడు. లాక్కుని బీరువా పైన పెట్టాను.

జూలై 17, బుధవారం

లెన్సులాయన అడిగాడు, "మీ తమ్ముడి సంగతి ఏమైంది?" అయిపోవచ్చింది అన్నాను. "తొందరేం లేదు" అన్నాడు. కాస్త ఆగి, "మా అక్క ఎవరినో చూశానంటోంది. నేనింకా ఏమీ అనలేదు" అన్నాడు. మంచివాడు. ఏదీ దాచడు.

జూలై 21, ఆదివారం

అగ్గిపెట్టెలు రెండు నేల మీద బోర్లించి వంద పుల్లలు వరుసగా పెట్టించాను. వాడే లెక్కపెట్టాడు, తప్పు లేకుండా. ఆ నంబరుకి అర్థమేమిటో పరీక్షలావిడ నాకు చెప్పింది, అదే వాడికి చెప్పాను.

"ఇవి వందమంది మనుషులు. తెలివిని బట్టి నిలబెట్టాం. నువ్వెక్కడుంటావో చూపించు."

డెబ్బై నాలుగో పుల్ల మీద వేలు పెట్టాడు.

"కాదు." వేలు పట్టుకుని చివరి దాకా జరిపాను. "ఇక్కడ. నీ వెనక నలుగురున్నారు. నీ ముందు తొంభైమందికి పైనే. అందరిలాంటి వాడికి వంద వస్తుంది. నీకొచ్చింది ఫస్ట్ క్లాసు కాదు. జనం నీ మొహం చూసి చాక్లెట్ ఇచ్చారు."

చివరి నాలుగు పుల్లల్నీ వేలితో తాకాడు. ఏడుస్తాడనుకున్నాను. ఏడిస్తే ఆపేద్దునేమో.

"ఆ నలుగురూ ఎవరక్కా?" అన్నాడు. "వాళ్ళకి నేను నేర్పనా?"

పుల్లలన్నీ ఊడ్చేశాను. ఒళ్ళు మండిపోయింది నాకు. ఎంత కొట్టినా దిగని మేకు ఉంటుంది, అలాంటివాడు.

జూలై 22, సోమవారం

నీకేం రాదని ఒక్కసారి చెప్తే ఎక్కదు వాడికి. అంకెలు కూడా అలాగే కదా నేర్చుకున్నాడు, రోజూ చెప్పగా చెప్పగా. ఇదీ కోచింగే.

జూలై 24, బుధవారం

పొద్దున టీ పెట్టి తెచ్చాడు. "నువ్వు పెట్టకు, నీకు తెలీదు" అన్నాను. టీ బాగానే ఉంది. వాడి ముందే పారబోశాను.

జూలై 26, శుక్రవారం

చొక్కా విప్పి మళ్ళీ వేసుకోమన్నాను. మళ్ళీ విప్పమన్నాను. మూడోసారికి పై గుండీ ఏదో, కింద గుండీ ఏదో అని చేత్తో తడుముకున్నాడు. "చూశావా, రాదు నీకు" అన్నాను.

జూలై 28, ఆదివారం

పైవాటా ఆవిడ మెట్ల దగ్గర "ఏం ఫస్ట్ క్లాస్, ఎలా ఉన్నావ్?" అంది. ఆ నంబరంటే ఏమిటో వాడి ముందే ఆవిడకి వివరంగా చెప్పాను. ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ నిలబడింది, ఎటు చూడాలో తెలియనట్టు. "పాపం" అంది చివరికి. ఆ మాట వాడికి బాగా తెలుసు. అమ్మ పోయినప్పుడు అందరూ వాడితో అన్నదదే.

ఇక ఎవరూ అడగరు.

జూలై 31, బుధవారం

షాపులో నేను వేసుకునే తెల్లకోటు వాడు ఇస్త్రీ చెయ్యలేదు. "చెయ్యనా?" అని అడిగాడు. మొదటిసారి అడిగాడు. ఇన్నేళ్ళలో అడిగి చేసింది లేదు.

వద్దన్నాను.

ఆగస్టు 3, శనివారం

పరీక్ష అయిపోగానే కూర్చోబెట్టి చెప్పేస్తాను, అదంతా ఊరికే అన్నానని. ఒక్క పూటలో సర్దుకుంటాడు. వాడికి ఏదీ మనసులో నిలవదు.

ఆగస్టు 6, మంగళవారం

షాపు కట్టేశాక లెన్సులాయన నన్ను బస్టాపు దాకా దింపాడు. వాళ్ళింట్లో రెండు గదులట, కిటికీలు రోడ్డు వైపుకట. కర్టెన్లు ఏ రంగువి కావాలని అడిగాడు. జీవితంలో నన్నెవరూ ఏ రంగని అడగలేదు. బస్సులో కూర్చుని ఏడ్చాను, సంతోషంతో. నీలం చెప్పాను.

ఇంటికొచ్చేసరికి దొర చీకట్లో కూర్చుని ఉన్నాడు. స్విచ్ ఏదో తెలీదన్నాడు. అది వాడి చెయ్యి అందేంత దూరంలోనే ఉంది. నటిస్తున్నాడనుకుని చెంప మీద ఒకటిచ్చాను.

ఆగస్టు 7, బుధవారం

నటించడం రాదు వాడికి. వస్తే జూలైలోనే పని అయిపోయేది.

ఆగస్టు 15, గురువారం

నిన్నా ఇవాళా ఏమీ అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు.

ఆగస్టు 22, గురువారం

రెండో పరీక్ష. లోపలికి వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి నా వైపు చూశాడు. వెళ్ళు అన్నాను. కుర్చీ దగ్గర ఆగి మళ్ళీ చూశాడు. ఆవిడ తలుపు మూసింది.

పోయినసారికంటే తొందరగా అయిపోయింది. ఆవిడ మొహం బాగాలేదు. వాడు చెయ్యి ఊపలేదు.

ఆగస్టు 26, సోమవారం

యాభై ఎనిమిది.

ఆవిడ కాయితం వెంటనే ఇవ్వలేదు. "ఈ రెండు నెలల్లో ఏమైనా జరిగిందా? జ్వరం గానీ, తల మీద దెబ్బ గానీ?"

"ఏం లేదండీ."

"చాలా వాటికి జవాబే చెప్పలేదండీ. నా మొహం చూస్తూ కూర్చున్నాడు. 'నాకు తెలుసా?' అని అడుగుతున్నాడు." పెన్ను మూత తీస్తోంది, పెడుతోంది. "ఒక్క సంగతి చెప్పండి. మొదటిసారి ప్రాక్టీసు చేయించారు కదూ? మొన్న నేను బ్లాకులు బయటికి తీయగానే 'మా ఇంట్లోవి బీరువా పైన ఉన్నాయి' అన్నాడు."

ఒప్పుకున్నాను. ఇప్పుడింక ఒప్పుకుంటే పోయేదేముంది, నంబరు వచ్చేసింది.

"అప్పుడే చెప్పుంటే ఆ డెబ్బై నాలుగు లెక్కలోకి రాదని రాసిచ్చేదాన్ని" అంది. "ప్రాక్టీసు లేకపోతే డెబ్బై లోపే ఉండేవాడు, హోమ్ వాళ్ళు దాంతోనే తీసుకునేవాళ్ళు. ఈ రెండో పరీక్షే అవసరం లేదు."

కాయితం తీసుకుని థాంక్సండీ అన్నాను.

వచ్చింది కదా సీటు. ఏ దారిలో వస్తేనేం.

ఆగస్టు 27, మంగళవారం

వాడికి చెప్పేశాను. "అదంతా ఊరికే అన్నానురా. నీకు అన్నీ వచ్చు. టీ వచ్చు, గుండీలు వచ్చు. నువ్వు తెలివైనవాడివి."

శ్రద్ధగా విన్నాడు. "సరే" అన్నాడు.

"ఏదీ, టీ పెట్టు."

గిన్నె ముందు నిలబడ్డాడు. నేను గిన్నె అందుకోమంటే అందుకున్నాడు. నీళ్ళు పొయ్యమంటే పోశాడు. నేను ఆగిపోతే తనూ ఆగిపోయాడు. నీళ్ళు మరిగి మరిగి గిన్నె మాడింది. నేను చెప్పేదాకా స్టవ్ ఆపలేదు.

బీరువా పైనుంచి బ్లాకులు దించి ముందు పెట్టాను. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

సెప్టెంబరు 2, సోమవారం

హోమ్‌లో ఒక రోజు ఉంచి చూస్తామన్నారు. పొద్దున దింపాను. వార్డెన్ కాయితం చూసి "ఇప్పుడు సరిపోయిందమ్మా" అని నవ్వింది. బట్టల పెట్టె గదిలో పెట్టించాను. మంచం పక్కన కిటికీ ఉంది. షాపుకెళ్ళి లెన్సులాయనకి చెప్పాను, రేపో ఎల్లుండో మీ అక్కకి కబురు చెయ్యండి అని.

మధ్యాహ్నం ఫోన్ వచ్చింది, వచ్చి తీసుకెళ్ళమని.

వెళ్ళేసరికి వరండాలో కూర్చోబెట్టి ఉంచారు వాణ్ణి, పక్కన పెట్టె. ప్యాంటు తడిసింది. వార్డెన్ కోపంగా లేదు, అలిసిపోయి ఉంది.

"పనులన్నీ చేసుకుంటాడన్నారు కదమ్మా. బాత్రూమ్ చూపిస్తే గుమ్మంలో నిలబడ్డాడు, నేను వెళ్ళొచ్చా అని కూడా అడగలేదు. స్నానానికి చొక్కా మేం విప్పాల్సొచ్చింది. మాకు ఇరవై నాలుగ్గంటలూ పక్కన నిలబడే మనుషుల్లేరు."

"జూలైలో అన్నీ చేసుకునేవాడండీ."

"జూలైలో డెబ్బై నాలుగుంది."

ఇంకెక్కడైనా తీసుకుంటారా అని అడిగాను. ఇలాంటివాళ్ళని ఎవరూ తీసుకోరు, ఇంటి మనుషులే చూసుకుంటారు అంది. "మీరున్నారు కదమ్మా" అంది. నన్ను ధైర్యపరచడానికే.

ఆటోలో నా పక్కన కుదురుగా కూర్చున్నాడు. నేను దిగమంటే దిగాడు.

సెప్టెంబరు 4, బుధవారం

లెన్సులాయన అంతా విన్నాడు. లెన్సు అరగదీయడం ఆపలేదు. "మిమ్మల్ని చూస్తే బాధగా ఉంది" అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. తర్వాత, వాళ్ళక్క చూసిన ఆవిడ ఆదివారం వస్తోందని చెప్పాడు. చెప్పానుగా, ఏదీ దాచడు.

సెప్టెంబరు 5, గురువారం

నేనేం చేశానని. పుట్టుకతోనే ఉంది వాడికి. ఇవాళ కాకపోతే పదేళ్ళకైనా ఇలా అయ్యేవాడు.

సెప్టెంబరు 6, శుక్రవారం

అయ్యేవాడు కాదు.

సెప్టెంబరు 8, ఆదివారం

ఉదయం లేపితే లేచాడు. పళ్ళు తోమాను. గుండీలు పెట్టాను. గోడ వైపు కూర్చోబెడితే గోడ వైపే కూర్చున్నాడు. గోడలతో మాట్లాడటం కూడా మానేశాడు.

మధ్యాహ్నం కంచం ముందు పెట్టాను. ముట్టుకోలేదు. నిన్న రాత్రి కూడా సరిగ్గా తినలేదు. "తినరా, చల్లారిపోతుంది" అన్నాను. కంచంలోకి చూశాడు, నా మొహంలోకి చూశాడు. జవాబు నా దగ్గర ఉన్నట్టు, ఎప్పుడూ నా దగ్గరే ఉన్నట్టు, మర్యాదగా అడిగాడు.

"అక్కా, నాకు ఆకలేస్తోందా?"

వేస్తోందిరా అన్నాను. అప్పుడు తినడం మొదలుపెట్టాడు. ఇక చాలని నేను చెప్పేదాకా తింటూనే ఉన్నాడు.